పొద్దుటి పసుపు పొగ

గ్యాస్ టర్బైన్‌తో కరెంటు తీసే ప్లాంటులో నా ఉద్యోగం పొగగొట్టంలోంచి వచ్చే విషవాయువులను తగ్గించడం. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం నాకు తప్ప మరెవరికీ ఉన్నట్టు గుర్తులేదు.

ఓ మార్చిలో, ప్లాంటు గోడ అవతల మిరపకాయలు ఎండబెట్టుకునే పెద్దావిడ గేటు దగ్గరికొచ్చింది.

"ఏమయ్యా, పొద్దున్నే మీ గొట్టంలోంచి పసుప్పచ్చ పొగ వస్తంది. నా కాయల మీదకి దిగుతంది. ఏంటది?"

నేను గంభీరంగా కంప్యూటర్ కాగితం తెచ్చి చూపించాను. "అన్నీ హద్దులోనే ఉన్నాయమ్మా. మీరు చూసింది మంచు అయ్యుంటుంది."

"మార్చిలో మంచేంటయ్యా! రేపు ఆరింటికి వచ్చి నా కల్లంలో నిలబడు."

వెళ్ళి నిలబడ్డాను. మిషన్ స్టార్టయింది. గొట్టం పైన చిక్కటి పసుపు రంగు లేచింది.

"మంచు బాగా పడతందా?" అంది ఆవిడ.

ఆఫీసుకొచ్చి లెక్కలు తవ్వితే, స్టార్టయిన మొదటి గంట రీడింగులను సగటులో కలపొద్దన్న ఆదేశం దొరికింది. కింద సంతకం నాదే. మిషన్ పూర్తి లోడు అందుకున్నాక గ్యాసులో గాలి ఎక్కువ కలిపి మండిస్తాం. మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ వాయువులూ తగ్గుతాయి. తక్కువ లోడులో మాత్రం పాత పద్ధతి వేడి మంటే; ఆ పసుపు రంగు నైట్రోజన్ వాయువులదే. ఆ దశలో మేం అంతసేపు ఎందుకు ఆగుతున్నామని అడిగితే అందరూ నా వైపే చూశారు; ఆ నియమం పెట్టిందీ నేనే.

మర్నాడే వీరావేశంతో, లోడు ఇంకా తక్కువగా ఉండగానే, గాలి ఎక్కువ కలిపిన పల్చటి మంటకు మార్పించాను. మంట ఆరిపోయి మిషన్ ఆగిపోయింది.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేతులు కట్టుకుని, "పొగ మొత్తం ఆపేశారే సార్!" అన్నాడు.

తర్వాత బుద్ధిగా, తయారీ కంపెనీ ఇంజనీరును పక్కన కూర్చోబెట్టుకుని, కొంచెం కొంచెంగా సర్దుకుంటూ వచ్చాం. తక్కువ లోడులో ఉండే సమయం సగానికి పైగా తగ్గింది. మొదటి గంట రీడింగులనూ లెక్కలో చేర్చాను. నా రిపోర్టు అందం పోయింది.

గొప్పగా కబురు చెబుదామని కల్లానికి వెళ్ళాను. ఆవిడ తలెత్తి గొట్టం వైపు చూసింది.

"ఇంకా వస్తానే ఉందిగా?"

"కాసేపేనండి."

"ఊఁ, ఇదివరకటంత లేదులే. ఊరికే నిలబడ్డావేం, ఆ కాయల కింది పట్టా అటు లాగు."

లాగాను. మిరప ఘాటుకు వరసగా తుమ్ములు మొదలయ్యాయి. ఆవిడ పడీపడీ నవ్వి మంచినీళ్ళ చెంబు అందించింది.