వేలిముద్ర పడని రిజిస్టరు

మా చిన్నప్పుడు... అని ఎప్పుడో తీరిగ్గా రాద్దామనుకున్నాను. ఇక ఆగడానికి లేదు. మా బస్తీ గ్రంథాలయం చరిత్ర పుస్తకం ఈ నెలాఖరుకి అచ్చుకి వెళ్తోంది. నిన్న గ్రూపులో పెట్టిన ప్రతిలో ఒక వాక్యం ఉంది: "ఆనాటి మన స్త్రీలకు చదువు మీద, లోకం సంగతుల మీద ఆసక్తి లేదు."

అది చదివాక అన్నం సహించలేదు.

మా చిన్నప్పుడు, ఉక్కు ప్లాంటు పనికి మన తెలుగువాళ్లు వలసొచ్చిన ఈ బర్మామైన్స్‌లో... ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం లోపల కుర్చీల్లో మగవాళ్లు. బయట అరుగు మీద, చెప్పుల పక్కన, మా నాయనమ్మ సూరమ్మ, పైడమ్మ పిన్ని, ఇంకో నలుగురు. అందరూ రేజాలే... అంటే ప్లాంటులో ఇటుకలూ కంకరా మోసే ఆడకూలీలు. ఒక్కరికీ అక్షరం రాదు. మా ఇంట్లో బడికెళ్లిన మొదటిదాన్ని నేను. లోపలికెళ్లి, రిజిస్టరులో సంతకం పెట్టి, పేపరు తెచ్చి వాళ్లకు గట్టిగా చదివేదాన్ని.

చట్టసభల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించాలన్న వార్త చదివిన రోజు ఇంకా గుర్తుంది.

"సీట్లిత్తారటే!" అంది పైడమ్మ పిన్ని. "ముందీ అరుగు మీద సాప ఏయమనండి."

అందరూ పకపకా నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. "ఉండవే పైడీ..." అని నావైపు తిరిగింది. "ఓలే గుంటా, ఇత్తామన్నది ఎవులో, అడ్డం పడతన్నది ఎవులో మళ్లీ సదువు."

మళ్లీ చదివాను. గంటసేపు వాదించుకున్నారు... లోపల కుర్చీల్లో సగం మంది కునుకు తీస్తున్నారు.

ఒకసారి నాయనమ్మ గుమ్మం దగ్గరికెళ్లి రిజిస్టరు అడిగింది. "నానూ ఏలుముద్ర ఏత్తాను బాబూ. పతీవారం వత్తన్నాను కదా."

అప్పటి కార్యదర్శి రిజిస్టరు వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా, పేజీలన్నీ సిరా మరకలైపోతాయి. సంతకం వచ్చినోళ్లకే ఇది."

వాళ్లకు ఆసక్తి లేదనడానికి ఇప్పుడు అదే రిజిస్టరు సాక్ష్యమట! నిన్న పుస్తకం కమిటీ పెద్దాయనకు ఫోన్ చేస్తే, "ఆడోళ్ల సంతకం ఒక్కటి చూపించు బేటీ, వాళ్ల పేర్లూ అచ్చేసేద్దాం" అన్నారు.

వేలిముద్ర వేయనివ్వనిది మీరు. వాళ్లు లేరని రాస్తున్నదీ మీరే.

నాయనమ్మకు చూపు బాగా తగ్గింది. పుస్తకం వస్తోందని తెలిసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న... "నా పేరు ఏ పేజీలో ఏసినారే?" ఏమని చెప్పను?

గ్రంథాలయానికి ఇప్పుడు గాజు తలుపులొచ్చాయి. ఆ అరుగు పగలగొట్టేశారు... దాని మీద కూర్చున్నవాళ్లను కూడా పుస్తకంలోంచి ఊడ్చేస్తామంటే ఊరుకోను. మీ ఇళ్లలోనూ అలా బయట కూర్చుని విన్నవాళ్లుంటే, వాళ్ల పేర్లు ఈ పోస్టు కింద రాయండి.

కమిటీ పెద్దలకు ఒకటే మాట. సంతకం కావాలన్నారు కదా? ఆ పాత రిజిస్టరు తీయండి. ప్రతి ఆదివారం వంకర అక్షరాలతో నా సంతకం ఉంటుంది. అది నా ఒక్కదానిది కాదు. ఆ వాక్యం తీసేసి, అక్కడ ఆ ఆరుగురి పేర్లు వేయండి. వేస్తారో లేదో ఇరవయ్యో తేదీలోపు ఇక్కడే, అందరికీ కనిపించేలా జవాబివ్వండి.

మీరేం రాసినా నాయనమ్మకు గట్టిగా చదివి వినిపించాల్సింది నేనే.