నువ్వుగింజంత శని

ఈ రోజు పంజాగుట్టలో టెలిస్కోపు కొన్నాను. పెట్టె మీద శనిగ్రహం బొమ్మ లడ్డూ అంత ఉంది. నిజంగా ఇంత కనిపిస్తుందా అని షాపాయన్ని అడిగాను.

"గది బొమ్మ అన్నా. శని నువ్వుగింజంత కనిపిస్తడు. చుట్టూ ఉంగరం సుత కనిపిస్తది, ఫికర్ జెయ్యకు" అన్నాడు.

"డబ్బులిచ్చి మరీ శనిని ఇంటికి తెచ్చారా అల్లుడుగారూ?" అని మా అత్తగారు గొణిగారు.

చీకటి పడగానే అమీర్‌పేట కోచింగ్ బోర్డుల వెలుగు పడకుండా డాబా మీద దుప్పటి కట్టి, ఆవిడని బతిమాలి చూపించాను.

"అయ్యో, ఇంత చిన్నవాడికా నేనిన్నాళ్లూ భయపడి నువ్వులు దానమిచ్చింది!" అన్నారు.

గంటైంది. శని పట్టుకుంటే వదలడంటారు. ఇక్కడ మా అత్తగారే శనిని పట్టుకుని వదలడం లేదు. ఏ పూజ చేయిస్తే నా వంతు వస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.