గాలి రోజు బరువు

మొదటి దెబ్బ అరచేతి మీద కాక వేళ్ళ మీద పడింది. 1986 ఆషాఢంలో, వరంగల్‌లోని ఒక ఠాణా వెనుక గదిలో, ఇన్‌స్పెక్టర్ సారంగపాణి ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చే కంపోజిటర్ సుందర్ రావు ఎడమ చేతిని బల్ల మీద చాపించి, ఉదయం నుంచి ఒకే ప్రశ్న అడుగుతున్నాడు.

"టైపు ఎవలికిచ్చినవ్?"

"ఎవలికియ్యలే సార్. కరగబోసి గ్లైడర్ల పెట్టిన."

"ఎందుకు?"

"బరువు కోసం సార్. గాలి జోరుగున్నప్పుడు బరువుంటెనే అది ముందుకు పోతది."

సారంగపాణి తలుపు దగ్గర నిలబడిన కానిస్టేబుల్ మొగిలి వైపు తిరిగాడు. "విన్నవా మొగిలి? ఎగిరేదానికి బరువు గడ్తడట. రేపు కోడికి బండ గట్టి మబ్బులకు తోలుతడు!"

మొగిలి నవ్వాడు. లాఠీ మళ్ళీ దిగింది. రెండు వేళ్ళు విరిగిన చప్పుడుకు ఆ నవ్వు ఆగిపోయింది.

రహస్యంగా అచ్చయిన కరపత్రాలు ఊరూరా గోడలెక్కుతున్న కాలమది. జిల్లాలోని ప్రెస్సులన్నీ తమ దగ్గరున్న టైపుకు, అంటే సీసపు అచ్చు అక్షరాలకు, లెక్క చెప్పాలని పోలీసులు పట్టుబట్టారు. సుందర్ రావు పనిచేసే ప్రెస్సు యజమాని రాజేశ్వర్ రావు, కొత్త టైపుకు మార్పిడిగా పంపవలసిన అరిగిన టైపును తూచి చూసి, తరుగు వచ్చిందని భయపడి, తానే ఠాణాకు వెళ్ళి చెప్పాడు. ప్రెస్సులోంచి మాయమైన సీసం అడవిలోని నక్సలైట్ల ప్రెస్సుకే చేరుతుందన్నది పోలీసుల నమ్మకం. అటువంటి అనుమానంతో పట్టుబడినవాళ్ళలో కొందరు కోర్టు మెట్లెక్కలేదు. వాళ్ళ పేర్లు ఎదురుకాల్పుల వార్తల్లో కనిపించాయి. సుందర్ రావు భార్య సువార్తమ్మకు ఈ సంగతి తెలుసు. అందుకే ఆమె ఠాణా గేటు ముందు నుంచి కదలలేదు. భర్తను విడిచిపెట్టమని కూడా ఆమె అడగలేదు. "ఏదో ఒక కేసు రాయుండ్రి సార్, కోర్టుకు దీస్కపోండ్రి" అని మాత్రమే వచ్చేపోయే ప్రతి పోలీసునూ వేడుకుంది.

సుందర్ రావు చెప్పింది నిజం. డెబ్బయ్యో దశకంలో బడి చదువు నాడు ఎన్.సి.సి.లో నమూనా విమానాలు కట్టడం నేర్చుకున్నాడు. నేర్పిన ఉస్తాద్ ఉద్యోగం విరమించి వెళ్ళిపోతూ గాలిలోని విమానాన్ని నేల మీద నుంచే నడిపే తన రేడియో పెట్టెను ఈ శిష్యుడికి ఇచ్చాడు. తేలికైన బాల్సా కర్రతో, వెదురు బద్దలతో, పల్చని కాగితంతో కట్టిన ఇంజను లేని గ్లైడర్‌ను సుందర్ రావు ఆదివారం ఆరాధన ముగిశాక ధర్మసాగర్ గుట్టకు మోసుకుపోయేవాడు. మెత్తని గాలిలో అది తేలిపోయేది. ఆషాఢపు గాలి మాత్రం దాన్ని ముందుకు పోనివ్వక వెనక్కి నెట్టి బండల మీదికి విసిరేది. ఎన్నో రెక్కలు విరిగాక, రెక్క కింద, గ్లైడర్ సరిగ్గా తూగే చోట, ఒక గొట్టం అమర్చి అందులో సీసపు కడ్డీలు దించాడు. ముక్కులో పెడితే నేలకు దూకుతుంది, తోకలో పెడితే వెల్లకిలా పడుతుంది. ఆ కడ్డీల కోసమే ప్రెస్సు నుంచి అరిగిన టైపును పిడికెడు చొప్పున తెచ్చి కుంపటి మీద కరిగించాడు. ఎవరినీ అడగలేదు.

ఈ మాటలేవీ సారంగపాణికి ఎక్కలేదు. కడ్డీలలో ఆయనకు తూటాల సీసం కనిపించింది. ఇంట్లో దొరికిన రేడియో పెట్టెలో వైర్‌లెస్ సెట్టు కనిపించింది.

"ఒక్కపారి ఎగిరేసి సూపియ్యమందాం సార్" అన్నాడు మొగిలి.

"ఎగరకపోతె?"

మొగిలి లాఠీని గోడకు ఆనించాడు.

"ఎగరకపోతె గుట్ట ఎట్లనో ఉన్నది, ఎదురుకాల్పులని రాస్తం" అని సారంగపాణే ముగించాడు.

మరునాడు పొద్దున్నే సుందర్ రావునూ గ్లైడర్‌నూ ఎక్కించుకుని జీపు ధర్మసాగర్ చేరింది. గుట్ట మీద ఆకు కదలడం లేదు.

"ఎయ్" అన్నాడు సారంగపాణి.

"గాలి లేదు సార్. ఇప్పుడేస్తె రాయి లెక్క పడ్తది."

బూటు కాలు డొక్కలో దిగింది. సుందర్ రావు ముడుచుకుపోయాడు గాని గ్లైడర్‌ను పట్టుకున్న కుడి చేయి వదలలేదు. సారంగపాణి రివాల్వర్ తీసి ఒళ్ళో పెట్టుకుని బండ మీద కూర్చున్నాడు. "గాలి కోసం సూసుకుంట కూసునుడు నా డ్యూటీ అనుకున్నవారా?" అంటూనే కూర్చున్నాడు. ఓపిక నశించిన ప్రతిసారీ లేచి తన్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళ గుట్ట కింది చెరువు నీళ్ళు నల్లబడ్డాయి. వెంటనే గాలి గుట్ట ముఖాన్ని చరిచింది. మొగిలి టోపీ ఎగిరిపోయింది.

"ఇప్పుడు విసురన్నా, గాలికి ఎదురుంగ!" అని సుందర్ రావు అరిచాడు.

మొగిలి గ్లైడర్‌ను అందుకుని విసిరాడు. గ్లైడర్ ఒక్క క్షణం వణికి, ముక్కు వంచి, ఈల వేస్తూ గాలిని చీల్చుకుని ముందుకు దూసుకుపోయింది. మెడకు వేలాడుతున్న రేడియో పెట్టె మీది పుల్లను కుడి బొటనవేలితో కదిపి దాన్ని తిప్పుతూ, విరిగిన వేళ్ళు కదలక ఎడమ మణికట్టుతో ఎత్తు దింపులు చూస్తూ, సుందర్ రావు నొప్పికి ఏడుస్తూనే చెరువు మీదుగా తిప్పి తెచ్చి తుప్పల్లో దించాడు.

"శెబాష్!" అని మొగిలి నోరు జారాడు.

"ఆగు," అన్నాడు సారంగపాణి. "సీసం దీసేసి ఎయ్. గట్లనే ఎగిరిందనుకో, బరువు కోసమన్నది పచ్చి అబద్ధం."

సుందర్ రావు కడ్డీలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఏమి జరగబోతుందో తెలుసు. అది జరిగితేనే తాను బతుకుతాడనీ తెలుసు.

మొగిలి విసరగానే గాలి గ్లైడర్‌ను పైకెత్తి, నిలబెట్టి, వాళ్ళ తలల మీదుగా వెనక్కి ఈడ్చింది. సుందర్ రావు దాని ముక్కు వంచడానికి విరిగిన చేతినంతటినీ పుల్ల మీద మోపాడు. తన ప్రాణం అది పడిపోవడం మీదే ఆధారపడి ఉన్నా దాన్ని కాపాడడానికే పెనుగులాడాడు. గ్లైడర్ బండకు కొట్టుకుంది. రెక్క తునకలై, చిరిగిన కాగితం ముళ్ళ చెట్లలో చిక్కుకుంది.

సారంగపాణి కడ్డీలను అరచేతిలో చాలాసేపు ఎగరేసి పట్టుకున్నాడు.

"అయితె నిజమేరా," అన్నాడు. ఆ వెంటనే సుందర్ రావు చెంప మీద బలంగా కొట్టాడు. "మరి గీ సీసం నీ అయ్యదా? దొంగ నా కొడుకా! మొగిలి, వీని మీద దొంగతనం రాయి."

జీపు ఠాణాకు తిరిగి వచ్చేసరికి సువార్తమ్మ గేటు దగ్గరే ఉంది. భర్త చేయి చూసింది. ఆ పైన మొగిలిని అడిగింది. "అన్నా, ఏం రాస్తాండ్రు?"

"దొంగతనం, చెల్లె. రేపు కోర్టుకు దీస్కపోతం."

ఆమె అక్కడే మట్టిలో కూలబడింది. "స్తోత్రం తండ్రీ!" అని కొంగుతో ముఖం కప్పుకుని, జీపు వైపు గట్టిగా కేక వేసింది. "దొంగతనమేనటయ్యా! ఇన్నవా?"

"గ్లైడర్ పలిగింది" అన్నాడు సుందర్ రావు.

"పలగనియ్" అంది ఆమె.