రెండో వాత

కామెర్లు తగ్గలేదని, మణికట్టు మీద రెండో వాత పెట్టించడానికి నాయనను రైల్లో గిద్దలూరు తీసుకుపోతున్నాను. కంభంలో ఎక్కిన ముసలాయన ఒకడు నాయన పచ్చటి కళ్లను, మానని మొదటి వాతను చూసి మొహం చిట్లించాడు.

“దొడ్డికి ఏ రంగులో పోతాండాడు?”

పెట్టెలో అందరూ మావైపు తిరిగారు. నాకు ఒళ్లు మండింది.

“నీకెందుకయ్యా?”

“బలపం లెక్క తెల్లగా పోతాంటే పైత్యం దిగే దోవ మూసుకుపోయినట్టు. కాలవలో రాయి అడ్డం పడితే గట్టుకు వాత పెడతావా, ఎర్రి నాయాలా?”

కొట్టడానికి లేచాను. ఆయన చొక్కా ఎత్తి, కుడి డొక్క కింద కుట్ల మచ్చ చూపించాడు.

“మద్రాసు పెద్దాసుపత్రిలో దొర డాక్టరు కోసి తీసినాడు నా రాయి.”

నాయన తల దించుకుని, “తెల్లగానే పోతాందిరా” అన్నాడు.

ఆ తిట్టు నాకిప్పటికీ మింగుడుపడదు. గిద్దలూరులో మాత్రం మేం దిగలేదు.