కిషన్ రావు గారి తలల లెక్క

కిషన్ రావు గారికి ఒకటే జబ్బు. నలుగురు మనుషులు ఒకచోట చేరితే లెక్కపెట్టకుండా ఉండలేరు.

పెళ్లి కావచ్చు, సంతాపసభ కావచ్చు, చిక్కడ్‌పల్లిలో కచేరీ కావచ్చు, అశోక్‌నగర్ చాయ్ బండి చుట్టూ మూగిన పోటీ పరీక్షల పిల్లలు కావచ్చు. ఆయన కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద చకచకా నడుస్తుంది, పెదవులు కదులుతుంటాయి. ఆ సమయంలో పలకరిస్తే మన పేరు గల్లంతే. ఒకసారి సొంత అల్లుడు "నమస్తే మామయ్యా" అంటే "ఆగు, నువ్వు డెబ్బై మూడు" అన్నారు. మేనకోడలు మాధురి పెళ్లి ఆల్బమ్‌లో తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ప్రతి ఫొటోలోనూ వెనకాల ఒక చూపుడువేలు లేచి ఉంటుంది. ఈ పెద్దమనిషి ఎవరిని బెదిరిస్తున్నాడా అని మగపెళ్లివారు చాలాకాలం ఆలోచించారు.

"మా పెండ్లిల గూడ గిదే పని," అంటుంది ఆయన భార్య సులోచన. "ఇటు బాజాలు మోగుతున్నయి. ఈ మనిషేమో పుస్తె చేతుల పట్టుకోని పందిట్ల జనం ఎంతున్నరో చూస్తుండు. పెండ్లి చేసే అయ్యగారు మోచేత్తోని పొడిస్తెగాని నా దిక్కు తిరగలే."

కరెంటు ఆఫీసులో రిటైరయ్యాక ఆయన జబ్బుకు తగిన చోటు దొరికింది. అది ఫుట్‌బాల్ గ్రౌండు. చిక్కడ్‌పల్లి నవాబ్స్ అనే మన క్లబ్బు ఆదివారాలు ఆడుతుంది. సీజన్ కార్డు కొనుక్కుంటే ఆ సీజనంతా ఒక కుర్చీ మనది. ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. కిషన్ రావు గారు తూర్పు మెట్ల మీద అందరి తలలూ కనిపించే కుర్చీ ఏరి మరీ తీసుకున్నారు.

నారాయణగూడలోని క్లబ్బు ఆఫీసులో ఆ రెన్యువల్స్ చూసే అమ్మాయి ఉదయశ్రీ. మ్యాచ్ రోజున మైకు దగ్గర కూర్చునేదీ తనే. హాఫ్ టైమ్‌లో ఎంతమంది వచ్చారో చదవాలి. మొదటిసారి "ఈరోజు ప్రేక్షకులు మూడు వేల రెండు వందలు" అని చదివిందో లేదో, తూర్పు మెట్ల మీద నుంచి మైకు లేకుండానే మైకును మించిన గొంతు వినిపించింది.

"పద్దెనిమిది వందల నలభై ఒకటి!"

ఉదయశ్రీ మ్యాచ్ అయ్యాక వెళ్లి నచ్చజెప్పబోయింది. "అంకుల్, సీజన్ కార్డులున్నోళ్లందరిని కలిపి చెప్తం. వచ్చినా రాకున్నా వాళ్లు లెక్కనే. అది పద్ధతి."

"కార్డున్నోడు ఇంట్ల పండుకుంటె, కార్డొచ్చి కుర్చీల కూసుంటదా బిడ్డా?"

"పైసలు కట్టిండ్రు గదా అంకుల్."

"పెండ్లి కార్డు ఇచ్చినోళ్లందరు తిని పోయినట్టేనా మరి?"

ఉదయశ్రీ ఆ రోజు నుంచి మైకులో క్లబ్బు అంకె చదివి, ఇంటికి వెళ్లేటప్పుడు ఆయన అంకె అడిగి తెలుసుకునేది. రెండోదే నిజమని ఆమెకు తెలుసు.

ఆ లెక్కకు నియమాలున్నాయి. చంకలో బిడ్డ గోల్ పడ్డప్పుడు చప్పట్లు కొడితే లెక్క, నిద్రపోతే కాదు. పల్లీలమ్మేటాయన ఆట చూస్తే లెక్క, బేరం చూసుకుంటే కాదు. మెట్ల కింద పడుకునే నల్లకుక్క ఎప్పటికీ లెక్క కాదు. సంఖ్య పెద్దగా కనిపించాలన్న ఆరాటంలో క్లబ్బు ప్రెసిడెంటు మురళీకృష్ణ ఒకసారి కుక్క తరఫున మాట్లాడాడు గానీ ఆయన వినలేదు.

ఇన్ని తలలు తెలిసిన మనిషికి ముఖాలు మాత్రం పట్టవని అందరి నమ్మకం. దానికి సాక్ష్యం ఆయన పక్క సీటు. ఆ సీటు కార్డు మీద దాసయ్య అని పేరుంది. ఒక ఆదివారం సన్నటి కుర్రాడు వచ్చి కూర్చుంటే "ఏం దాసయ్యా, బాగున్నవా?" అన్నారు. మరో ఆదివారం మీసాల పెద్దాయన వస్తే "రా దాసయ్యా" అన్నారు. ఆ పై మ్యాచ్‌కు ఎర్రచీర కట్టుకుని బీరమ్మ అనే ఆమె వచ్చింది. గేటు దగ్గర కాపలా ఉండే మాసయ్య కార్డు చూసి, మనిషిని చూసి, నోరు తెరిచాడు. వెనకాల నుంచి కిషన్ రావు గారు కేకేశారు. "దాసయ్యా, జల్ది నడువ్! నా లెక్క ఆగుతున్నది!"

"సార్, ఈమె ఆడమనిషి," అన్నాడు మాసయ్య.

"ఒక కార్డు, ఒక తల. సరిపోయిందా లేదా?"

సరిపోయింది. మాసయ్య కార్డు మిషన్ మీద పెట్టి గేటు తీశాడు. తూర్పు మెట్లన్నీ పడి పడి నవ్వాయి. ఉదయశ్రీ కూడా నవ్వింది, పాపం ముసలాయన అనుకుంటూ.

ఆ ఏడు నవాబ్స్ గెలవడం మొదలుపెట్టారు. సీజన్ కార్డులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆఫీసు మెట్ల మీద క్యూ కట్టారు. మురళీకృష్ణ రెండు రూల్స్ పెట్టాడు. సగానికి మించి మ్యాచ్‌లకు ఖాళీగా ఉన్న కుర్చీకి రెన్యువల్ లేదు. ఒకరి కార్డు మీద ఇంకొకరు వస్తే కూడా లేదు. వారం తిరక్కుండా క్యూలో ఒకాయన ఫిర్యాదు చేశాడు. తూర్పు మెట్ల మీద వారానికో దాసయ్య వస్తున్నాడన్నాడు.

రెన్యువల్‌కు దాసయ్య, బీరమ్మ కలిసి వచ్చారు. దాసయ్య గాంధీనగర్‌లో కట్టే అపార్ట్‌మెంట్ల దగ్గర తాపీ పని చేస్తాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉంటున్న వాళ్లంతా తలా కొంత వేసుకుని కొన్న కార్డు అది. కొన్న రోజు ఆధార్ జేబులో ఉన్నది దాసయ్యకే కాబట్టి అతని పేరు రాయించారు. ఏ ఆదివారం ఎవరికి పని లేకపోతే వాళ్లు మ్యాచ్‌కు వస్తారు.

"మాకు రూల్ తెల్వదక్కా," అంది బీరమ్మ. "మా ఊర్ల గింతే. సైకిలొకటుంటె వాడకట్టంత తొక్కుతరు. ఈ కార్డు పోతె మల్ల దొరుకుతదా?"

దొరకదు. క్యూ అశోక్‌నగర్ చౌరస్తా దాకా ఉందని ఉదయశ్రీకి తెలుసు. తన చేతిలో ఏమీ లేదనీ తెలుసు. మురళీకృష్ణ ఒకటే మాటన్నాడు. "కిషన్ రావు గారిని పిలువ్. పక్కన కూసునేది ఆయనే. ఆయన చెప్పింది ఫైనల్."

ప్రెసిడెంటు కోసం కుక్కను కూడా కలపని మనిషి ఈ పేదవాళ్ల కోసం మాట మారుస్తారా? ఉదయశ్రీ ఉండబట్టలేక చిక్కడ్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లింది. ఆయన ఇంట్లో లేరు. సులోచన చాయ్ ఇచ్చి పెదవి విరిచింది. "అబద్ధం ఆయన నోటెంట రాదు బిడ్డా. కొత్త చీరె మంచిగున్నదా అని అడిగి నేను ఎన్నిసార్లు ఏడ్చిన్నో."

కమిటీ కూర్చుంది. దాసయ్య, బీరమ్మ గోడకు ఆనుకుని నిలబడ్డారు. మురళీకృష్ణ గొంతు సవరించుకున్నాడు.

"రావు సాబ్, మీ పక్క సీట్ల ఎవరు కూసుంటరు?"

"దాసయ్య."

"ప్రతి మ్యాచ్‌కా?"

"ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే."

"మరి ఈమె ఎవరు?" బీరమ్మను చూపించాడు.

కిషన్ రావు గారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "దాసయ్య."

బీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉదయశ్రీ టేబుల్ కిందికి వంగి, పడిపోని పెన్ను వెతకసాగింది.

"చీరె కట్టుకున్నది గద సాబ్!"

"నేను తలలు లెక్కవెడ్త. చీరెలు నా లెక్కల రావు."

"సరే, ఈయన?" అసలు దాసయ్యను ముందుకు తోశాడు మురళీకృష్ణ.

కిషన్ రావు గారు అతన్ని పైనుంచి కింది దాకా చూశారు. "ఈయన్ను ఎన్నడు చూడలే. ఎవరు నాయనా నువ్వు?"

"దాసయ్యను సారూ," అన్నాడు దాసయ్య, అదేదో నేరమైనట్టు. పాపం, ఆదివారాలు స్లాబ్ పని పడి అతను ఒక్క మ్యాచ్‌కూ రాలేదు.

"అయిపాయె!" మురళీకృష్ణ టేబుల్ చరిచాడు. "కార్డు క్యాన్సిల్."

"మంచిది," అంటూ లేచారు కిషన్ రావు గారు. "రూల్ అంటె రూలే. ఖాళీ కుర్చీల రూల్ గూడ ఉన్నది గద? కమిటీ కుర్చీలతోని మొదలువెడ్దమా?"

ఆయన బొటనవేలు అప్పుడే మొదటి కణుపు మీదికి చేరింది.

"ప్రెసిడెంట్ సాబ్, మీ కుర్చీల సగం మ్యాచ్‌లకు గూడ తల లేదు. కండువా ఉన్నది. కండువాను నేను లెక్కవెట్ట. మీ పక్కాయన కుర్చీల వాటర్ బాటిల్ ఉన్నది. నా కుర్చీ గూడ కన్ను ఆపరేషనైన వారం ఖాళీనే, ఆనాటి లెక్క మాసయ్య మిషన్ల చూసిన. మొత్తం గ్రౌండ్‌ల ఒక్క మ్యాచ్ గూడ ఖాళీ లేని కుర్చీ దాసయ్యదొక్కటే. వానల గూడ తడుసుకుంట కూసున్నరు. దాన్నే క్యాన్సిల్ చేస్తరా? చేయుండ్రి. నేను మైకు లేకుంటనే ఊరంత చెప్త."

ఆ గొంతుకు మైకు అక్కర్లేదని కమిటీకి తెలుసు. మురళీకృష్ణ చెడ్డవాడు కాదు. మొదట ఎర్రబడ్డాడు, తర్వాత భుజం మీది కండువా తీసి ఒళ్లో దాచుకున్నాడు, ఆ తర్వాత ఆగలేక నవ్వేశాడు. "ఉదయశ్రీ, రెన్యువల్ చెయ్యమ్మా. ఒక కార్డు, ఒక తల. ఎవరిదైతె ఏంది."

కిందికి దిగేటప్పుడు ఉదయశ్రీ వెనకే వచ్చింది. మెట్ల మలుపులో కిషన్ రావు గారి గొంతు, ఎన్నడూ లేనంత మెల్లగా వినిపించింది. "బీరమ్మా, రాముకు చెయ్యి కట్టు ఇప్పిండ్రా? మనీష ఆఫ్‌సైడ్ రూల్ మల్ల అడిగింది, ఈసారి ఆమెను పంపు, చెప్త. కృష్ణయ్యకు మెట్లెక్కుడు కష్టమైతున్నది, కింద వరుసల కూసుండవెడ్దం."

ఉదయశ్రీ నోరు తెరిచింది. "అంకుల్! మీకు వీళ్లందరి పేర్లు తెలుసా?"

"సీజనంత పక్కన కూసున్నరు. తెల్వకుంటెట్ల?"

"మరి అందరినీ దాసయ్యా దాసయ్యా అని..."

"గేటు కాడ మాసయ్యకు ఇనబడాలె గద బిడ్డా."

"అంటే అబద్ధమే ఆడిండ్రు!"

ఆయన ఆగి చాలా గంభీరంగా ఆలోచించారు. "లెక్కల ఆడలే. ముఖాల్ల ఆడిన. లెక్కల ఆడితె నాకు నిద్ర పట్టది."

ఇన్నాళ్లూ ఈ మనిషిని చూసి నవ్వింది తామేనా, తమందరినీ కూర్చోబెట్టి నవ్వించింది ఆయనా అని ఉదయశ్రీకి అప్పుడు అనుమానం వచ్చింది. ఎందుకో చాలా సంతోషం కూడా కలిగింది.

కొత్త సీజన్ మొదటి ఆదివారం బస్తీ అంతా పట్టుబట్టి దాసయ్యకు పని మాన్పించి గ్రౌండుకు పంపింది. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె, చేతిలో సొంత పేరున్న కార్డు. గేటు దగ్గర మాసయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఈ కార్డు నీకెక్కడిది? దాసయ్య నాకు తెల్వదా? ఎర్రచీరె కట్టుకుంటడు!"

మైకు గదిలోంచి చూస్తున్న ఉదయశ్రీ మీట నొక్కి ఉందని మరిచిపోయి పగలబడి నవ్వింది. ఆ నవ్వు గ్రౌండంతా మోగింది. కిషన్ రావు గారు కణుపుల మీది బొటనవేలు తీసి, లెక్క సగంలో వదిలేసి, పరుగున గేటు దగ్గరికి వచ్చి దాసయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు.

హాఫ్ టైమ్‌లో ఎంతమంది వచ్చారని ఉదయశ్రీ తూర్పు మెట్ల దగ్గరికొచ్చి అడిగింది. ఆయన దాసయ్యకు కార్నర్ కిక్ గురించి చెబుతూ తల తిప్పకుండానే అన్నారు.

"మస్తుమంది వచ్చిండ్రు బిడ్డా. నువ్వే ఎంతో ఒకటి చదువు."