తీగ కొక్కెం ట్రాక్టరు

మా మేడ మీద అద్దెకుంటున్న అబ్బాయిది విజయవాడ వైపు. సముద్రం దాటి మా ద్వీపానికొచ్చాడు, ఇక్కడ రోజ్ హిల్‌లోనే ఏదో కంప్యూటర్ ఆఫీసులో పని. ఆదివారం పూట పులిహోర చేశానంటూ గిన్నె పట్టుకుని కిందికి దిగుతాడు, నా తెలుగు విని నవ్వు ఆపుకుంటాడు. బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నేను మాట్లాడితే వాడికి వాచకం చదువుతున్నట్టు ఉంటుందట. పోయిన ఆదివారం గిన్నె బల్ల మీద పెట్టి, అద్దాల బీరువా ముందు వంగి నిలబడ్డాడు. అందులో నా ఎర్ర ట్రాక్టర్లు వరసగా ఉంటాయి. పోతపోసిన ఇనుప బొమ్మలు, అరచేతిలో ఇమిడేంత. వాడు ఫోను తీసి ఏదో వెతికి, "ఆంటీ, వీటిల్లో చాలా రకాలున్నాయట! చక్రాలు చూసి, డ్రైవర్ బొమ్మ చూసి, ఏది ముందొచ్చిందో ఏది తర్వాతొచ్చిందో చెప్పేస్తారట" అన్నాడు, నాకేదో దేవరహస్యం విప్పుతున్నట్టు. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ అంతా చదివాను. రాసినాయన ఎవరో గాని శ్రద్ధగా రాశాడు. ఆయన ఎక్కడ కూర్చుని నేర్చుకున్నాడో తెలియదు. నేను మాత్రం అత్తయ్య గారింట్లో, కిటికీ కింద సిమెంటు గచ్చు మీద బోర్లా పడుకుని నేర్చుకున్నాను.

నేను పుట్టింది పిటాన్ దగ్గర ఒక చెరకు ఎస్టేటులో, తాతల నాడు వలస వచ్చిన తెలుగు కూలీల ఇళ్ళ వరసలో. నాన్న ఆ ఎస్టేటు ట్రాక్టరు నడిపేవాడు. ఎడ్లబండ్లు ఇంకా పూర్తిగా పోని రోజులవి. ట్రాక్టరు సీటు మీద కూర్చున్న మనిషికి కొంచెం గీర ఉండేది, మా నాన్నకు కొంచెం ఎక్కువే ఉండేది. ఒక పెద్ద తుఫాను వచ్చిన ఏడు మా ఇంటి కప్పు లేచిపోయింది, వెనకే జ్వరమొచ్చి అమ్మ పోయింది. కప్పు లేని ఇంట్లో ఆడపిల్లను ఎలా పెంచుతావని నాన్నను కోప్పడి, వాళ్ళక్క, అంటే మా అత్తయ్య, నన్ను రోజ్ హిల్ తెచ్చేసుకుంది. కొన్నాళ్ళకేనని అందరూ అన్నారు. బస్సు దగ్గర నాన్న నా జుట్టు సర్ది, "లాకూప్ అవనీ పాపా, వచ్చి తీసుకుపోతా" అన్నాడు. లాకూప్ అంటే మా దగ్గర చెరకు కోతల కాలం. ఏడాది చివరికి అయిపోతుంది. ఏడాది చివర అంటే ఎంత దూరమో నాకు తెలియదు గనక సరేనన్నాను.

అత్తయ్యకు పిల్లలు లేరు. ప్రేమంతా తిండిలో పెట్టేది. గాతో పిమా అనే మిరపకాయ వడలు వేడివేడిగా వేసి, నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది. మావయ్య దర్జీ. పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మనిషి, ఇక మాట్లాడే వీలెక్కడ? ఇక్కడ అందరూ మాట్లాడే క్రియోల్ భాషలో నా పల్లెటూరి యాస విని వీధి పిల్లలు వెక్కిరించేవాళ్ళు, అందుకని వాళ్ళ జోలికి పోయేదాన్ని కాదు. పైగా రోజ్ హిల్‌లో ఎప్పుడు చూడు ముసురు. కుట్టుమిషను చప్పుడు, రేకుల మీద వాన చప్పుడు, ఆ రెండే నాకు తోడు. అమ్మ కోసం ఏడిస్తే అత్తయ్య కూడా ఏడ్చేది, అందుకని ఏడవడం కూడా మానుకున్నాను.

మా దేశంలో పెద్ద పండుగ కొత్త సంవత్సరం. టపాకాయలూ, కొత్త బట్టలూ, పిల్లలకు బొమ్మలూ అన్నీ అప్పుడే. మొదటి ఏడు లాకూప్ అయ్యాక నాన్న ఆ పండుగకు వచ్చాడు. పోర్ట్ లూయిస్‌లో బస్సు మారేటప్పుడు కొన్నానంటూ ఒక చిన్న అట్టపెట్టె ఇచ్చాడు. అందులో ఎర్ర ట్రాక్టరు, పసుపు చక్రాలు, మీద గోధుమరంగు మనిషి. అత్తయ్య నుదురు కొట్టుకుంది. "ఆడపిల్లకి ట్రాక్టరేందిరా? పూపే దొరకలేదా నీకు?" అంది. పూపే అంటే బొమ్మపిల్ల. నాన్న సిగ్గుపడి, "నేను నడిపేది ఇట్టాంటిదే అక్కా. పాపకి చూపిద్దామని" అన్నాడు. ఆ సాయంత్రం ఒక్కడే బస్సెక్కాడు. ఇల్లు బాగుచేయడం ఇంకా అవలేదట, వచ్చే లాకూప్‌కి తప్పకుండా తీసుకెళ్తాడట. ఆ మీద ప్రతి ఏడూ అదే పెట్టె, అదే మాట. నాన్నకు మరో బొమ్మ కొనాలని తోచలేదు, నాకు మరో ప్రశ్న అడగాలని తోచలేదు.

తక్కిన ఏడాదంతా నాకు చేతినిండా తీరికే. వాటిని వరసగా పెట్టి చూస్తూ ఉండేదాన్ని. చూడగా చూడగా ఒకటి ఇంకోదానిలా లేదని తెలిసింది. మొదటిదానికి చక్రాలతో సహా అంతా ఇనుమే, వెనక కొక్కెం లావుగా పోతపోసినది. తర్వాతదాని ఎరుపు కాస్త ముదురు. ఆ తర్వాతదానికి వెనక చక్రాలకు నల్లటి రబ్బరు టైర్లు వచ్చాయి, కొక్కెం సన్నటి తీగ అయింది. కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఏ ఏడు వచ్చిందో చెప్పగలిగేదాన్ని, అయితే అడిగేవాళ్ళే లేరు. మావయ్యకు చూపించబోతే సూదుల మధ్య నుంచి "ఊ" అన్నాడు. ఇప్పుడు నవ్వొస్తుంది గాని, ఆ బొమ్మలను నేను అంతగా చూడడం వాటి మీద మోజుతో కాదు. అవి పిటాన్ నుంచి నాన్న చేతిలో వచ్చేవి గనక.

ఒక ఏడు మా రోజ్ హిల్ దుకాణం అద్దంలో కొత్త రకం కనిపించింది. ట్రాక్టరు అదే, పైన కూర్చున్న మనిషి మాత్రం నీలిరంగు ప్లాస్టిక్ వాడు. బడి నుంచి వస్తూ రోజూ ఆగి చూసేదాన్ని. కొత్త సంవత్సరానికి నాన్న తెచ్చేది ఇదేనని నాకు అనుమానమే లేదు. నీలి మనిషి వస్తాడు, లాకూప్ అయిపోతుంది, ఈసారి నేను వెళ్ళిపోతాను. బట్టలు కూడా మడత పెట్టుకున్నాను.

నాన్న వచ్చాడు. పెట్టె బస్సులో నలిగిపోయిందంటూ పాత పేపరు పొట్లం ఇచ్చాడు. విప్పితే గోధుమరంగు మనిషి. రబ్బరు టైర్లు, తీగ కొక్కెం. నా దగ్గర అప్పటికే ఉన్న రకం. ఆ రకం అంతకు ముందెప్పుడో నాన్న తెచ్చాడు, దుకాణాల్లో రావడం కూడా ఆగిపోయింది. ముందు చక్రాల రంగు అరిగిపోయి ఇనుము తేలింది. టైరు సందుల్లో ఎర్రమట్టి. వెనక టైరు మీద చిన్నచిన్న పళ్ళ గాట్లు, బియ్యపు గింజలంత. అంటే, ఆ రబ్బరు టైర్ల ఏడు నాన్న దుకాణంలో ఒకటి కాదు, రెండు కొన్నాడు.

"నాన్నా, ఇది షాపులోది కాదు."

"మెమ్ జాఫేర్ పాపా, రెండూ ఒకటే. ఎప్పుడూ తెచ్చేది అదేగా" అన్నాడు నాన్న.

"కాదు. దీన్ని ఎవరు కొరికారు?"

అత్తయ్య వంటింట్లోంచి "పాపా, ఇట్రా, వడ తిను" అని కేకేసింది. నేను కదల్లేదు. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"తో ఫ్రేర్. నీ తమ్ముడు. పళ్ళొచ్చేటప్పుడు కొరికాడు." ఒకసారి నోరు తెరిచాక ఆగలేకపోయాడు. "నీకని కొన్న కొత్తది వాడు చేతిలోంచి వదల్లా. బస్సుకి టైం అయిపోయె. అరలో ఇది ఉంది, పట్టుకొచ్చేశా."

నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని, ఆ సంగతి అత్తయ్యకూ మావయ్యకూ తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. అయినా అడిగాను.

"లాకూప్ అయిపోయిందిగా. నన్ను తీసుకెళ్తావా?"

"పా కపవ్, మో తిఫి. తీసుకుపోలేను తల్లీ. ఆమె వద్దంది." మోకాలి మీది టోపీ అటూ ఇటూ తిప్పి, "నేనూ గట్టిగా అడగలా" అన్నాడు.

అన్నేళ్ళలో నాన్న నాకు చెప్పిన మొదటి నిజం అది. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, కానీ నమ్మి ఎదురుచూసే పని మాత్రం ఆ రోజుతో తీరిపోయింది. "ఇది వాడిది, వాడికిచ్చెయ్" అని ట్రాక్టరు నాన్న చేతిలో పెట్టాను. చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్య నా మడత బట్టలన్నీ మళ్ళీ పెట్టెలో సర్దింది. చెబుదామనే అనుకున్నానే, ఏ ఏటికా ఏడు నోరు రాలేదే అంటూ. ఆ తర్వాత నాన్న పండుగకు లంగా గుడ్డలు తెచ్చేవాడు. లాకూప్ మాట మేమిద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు మావయ్య మిషను మీద జెండాలు కుట్టాడు. ఎరుపు పైనా, నీలం పైనా అని తల గోక్కుంటూ కుట్టాడు. ఆ హడావిడి రోజుల్లోనే నాన్న ఆ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. "రోజూ అక్కని చూస్తానంటాడు" అన్నాడు అంతే. బక్కపలచటి వాడు, చెవులు పెద్దవి. అత్తయ్య ఇచ్చిన వడ ముట్టలేదు. అరలో ఉన్న ట్రాక్టర్లను చూసి నా ముఖం వంక చూశాడు. తీసుకోమన్నాను. ఒక్కొక్కటే కిందికి దించి, గచ్చు మీద బోర్లా పడుకుని, వాటిని వెల్లకిలా తిప్పాడు. పెద్దపిల్లను, లంగా నలుగుతుందని అత్తయ్య తిడుతున్నా నేనూ పక్కనే పడుకున్నాను.

"ఇందులో అక్షరాలు చిన్నవి, ఇందులో పెద్దవి" అన్నాడు వాడు క్రియోల్‌లో, అడుగున కంపెనీ పేరు మీద వేలు పెట్టి.

చూశాను. నిజమే. ఎన్నేళ్ళుగానో వాటిని చూస్తున్న నేను ఆ తేడా పట్టలేదు.

"నీకెట్లా తెలుసు?" అన్నాను.

"ఇంట్లో ఆడుకోవడానికి ఎవరూ లేరు" అన్నాడు.

అప్పటిదాకా పిటాన్‌లోని ఇల్లు నాది కావాల్సిన సందడంతా వాడికి ఇచ్చిందనుకున్నాను, వాడి మీద ఎంతో కుళ్ళుకున్నాను. అక్కడా ఒక గచ్చు, ఒక ముసురు, ఒక వరస ట్రాక్టర్లూ ఉన్నాయని నాకెవరు చెబుతారు? వాళ్ళు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు. తర్వాత మేం చాలాసార్లు కలిశాం, పెళ్ళిళ్ళలో, రామభజనల్లో, పెద్దవాళ్ళలాగా క్షేమ సమాచారాలు అడిగి తెలుసుకుంటూ. కాలం మమ్మల్ని కలపకపోలేదు. మేం ఒకరికొకరం అవసరమైన ఆ కొద్ది ఏళ్ళూ మాత్రం విడివిడిగా గడిచిపోయాయి.