నిండు క్యాన్ల బండి

"కార్బురేటర్ల చిన్న జెట్టే ఉండనీ నానమ్మా! పెట్రోలు తక్కువ తాగుతది. దుబారా చెయ్యకని రోజు లొల్లి పెట్టేది నువ్వే కదా?"

"పాలు ఫ్లైఓవర్ మీద ఇరిగితే అది దుబారా కాదానే? తియ్యి దాన్ని."

"నిన్న అది ఏసి గల్లీల తిప్పిన, మస్తు నడిచింది. బండి ముసల్దైంది, అంతే."

"నేను గూడ ముసల్దాన్నే. నన్ను గూడ పాతసామాన్ల కబాడీకి వేస్తవా?"

మా మనుమరాలు స్వప్న మూతి ముడుచుకుని కార్బురేటర్ అడుగు గిన్నె విప్పింది. గౌలిపురలో మా పాల వ్యాపారం ఇప్పుడు దాని చేతిలోనే ఉంది. ఆ పొద్దున నిండు క్యాన్లతో బండి ఫ్లైఓవర్ మధ్యలో ఆగిపోయింది. చార్మినార్ దగ్గరి చాయ్ హోటల్ ఆయన, రేపు కూడా ఆలస్యమైతే ప్యాకెట్ పాలే తెప్పించుకుంటానని ముఖం మీదే చెప్పాడట. మా పాలలో సగానికి పైగా పోయేది ఆ హోటల్‌కే.

గిన్నెలోని పెట్రోలు వాకిట్లోకి చిందింది. ఆ వాసన తగలగానే నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. మొఘల్‌పురాలో మెకానిక్ కరీం భాయ్ దుకాణమంతా అదే వాసన.

జెట్ అంటే శనగగింజంత ఇత్తడి మర. దాని నడుమ బెజ్జం ఎంతుంటే ఇంజనుకు పెట్రోలు అంత అందుతుంది. నా బడి చదువు అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగింది కాని, జెట్ మీద చెక్కిన అంకె చదవడం కరీం భాయ్ నేర్పాడు. మా ఆయన ఇదే బండి మీద పాలు పోసే రోజుల్లో ఒకసారి, చిన్న బెజ్జపుది వేయమని నేనే పట్టుబట్టాను. పెట్రోలు ఖర్చు చూస్తే నాకు కడుపు మండేది.

కరీం భాయ్ తల ఎత్తలేదు. "చెల్లె, నువ్వు పాలల్ల నీళ్లు కలుపుతవా?"

"తూ! మా ఇంటా వంటా లేదు."

"మరి ఇంజన్‌కు ఎందుకు పల్చగ పొయ్యమంటవ్?"

అంతటితో వదిలిపెట్టలేదు. నేనడిగిన జెట్టే వేశాడు. క్యాన్ల నిండా నీళ్లు పోయించి, మా ఆయన వెనక నన్ను కూర్చోబెట్టి, ఎత్తు మీదికి తోలమన్నాడు. బండి సగంలోనే దగ్గి చచ్చింది. తోసుకుంటూ తిరిగొచ్చాం. ప్లగ్గు తీసి నా అరచేతికి దగ్గరగా పట్టాడు. సున్నంలా తెల్లగా ఉంది, సెగ కొడుతోంది. "ప్లగ్గు చాయ్ రంగుల ఉండాలె. పెట్రోలు పల్చబడి ఇంజన్ కాలిపోతుంది బిచారా. ఖాళీ బండి మీద అందరు ఉస్తాదులే. బరువెక్కినంక చూడాలె," అన్నాడు. ఆ దుకాణంలో పాలబండ్లన్నిటికీ అదే పద్ధతి. క్యాన్లు నిండందే, పెట్రోలు హెచ్చుతగ్గులు చేసే కార్బురేటర్ సూది గాడి మార్చేవాడు కాదు, సరిచేశానని చెప్పేవాడూ కాదు. పక్క దుకాణాలవాళ్లు నవ్వేవారు, "కరీం భాయ్, ఇది మెకానిక్ షాపా, నల్లా కాడి లైనా?" అని.

మా ఆయన పోయాక, ఆడమనిషి ఈ వ్యాపారం ఏం నడుపుతుంది, బర్రెల్ని అమ్మేయమని చుట్టాలంతా నా చుట్టూ కూర్చున్నారు. కరీం భాయ్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "బండి నడిపేటోన్ని చూసుకో చెల్లె. మిగిలింది నువ్వు మోస్తవ్. నిన్ను బరువు మీద చూసినోన్ని, నాకు ఫికర్ లేదు," అని వెళ్లిపోయాడు. ఆ వారమే పాలు పోయించాను. ఇప్పుడు ఆయన లేడు, ఆ దుకాణంలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేను మాత్రం కొత్త సంచీ కొన్నా అందులో బియ్యం పోసి ఎత్తి చూడందే దుకాణం దిగను.

స్వప్న చెత్తలో పడేసిన పెద్ద బెజ్జపు పాత జెట్ నేను ఏరి గుండీల డబ్బాలో దాచి ఉంచాను. తెచ్చి దాని చేతిలో పెట్టాను. పెట్రోలు తగ్గించడానికి సూది క్లిప్పు కూడా పై గాడికి ఎక్కించిందట. కిందికి దింపించాను. క్యాన్లలో నీళ్లు నింపించి నేనూ వెనక ఎక్కాను.

"పడ్తవ్ నానమ్మా!"

"పడితే లేపు. ముందుగాల బండిని ఎత్తు ఎక్కియ్యి."

మరునాడు పొద్దున స్వప్న ఆ నీళ్లు బర్రెలకు పోసి, క్యాన్లు కడిగి పాలు నింపింది. బండి ఫ్లైఓవర్ ఎక్కి దిగింది. హోటల్‌లో తొలి చాయ్ మా పాలతోనే కాగింది. తిరిగొచ్చాక స్వప్న, నేను అడగకుండానే ప్లగ్గు తీసి నా ముందు పెట్టింది. చాయ్ రంగులో ఉంది.